ఇల్లు బాగాలేని పిల్లల చేతికి ఏ నవల ఇవ్వాలి?

పద్నాలుగేళ్ల మేనకోడలికో, ఎదురింటి కుర్రాడికో, తరగతిలో ఈ మధ్య మాట తగ్గించేసిన విద్యార్థికో ఒక పుస్తకం ఇద్దామనుకుంటాం. వాళ్లింట్లో పరిస్థితి బాగాలేదని మనకు తెలుసు. తండ్రి తాగుడో, తల్లి జబ్బో, ఏళ్ల తరబడి ఒకరినొకరు పలకరించుకోని అమ్మానాన్నలో. నోరు తెరిచి అడగడానికి చొరవ చాలదు. అప్పుడు పుస్తకం గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ‘యంగ్ అడల్ట్’ పేరుతో టీనేజీ పాఠకుల కోసం వస్తున్న నవలల్లో ఇలాంటి ఇళ్ల కథలకు కొదవ లేదు. పుస్తకాల షాపులో ఆ అరల ముందు నిలబడితే దిక్కు తోచదు.

చాలామంది జబ్బుకు మందు చూసినట్టు చూస్తారు. తాగే తండ్రి ఉన్న పిల్లవాడికి తాగే తండ్రి కథ, విడాకుల ఇంటి అమ్మాయికి విడాకుల కథ. నా లెక్క దీనికి దాదాపు వ్యతిరేకం. కష్టంలో ఇప్పుడే, ఈ వారమే మునిగి ఉన్న పిల్లలకు అచ్చంగా వాళ్ల కథే ఇవ్వకూడదు. మొదటి కారణం చాలా మామూలుది. ఆ పుస్తకం వాళ్లింట్లో బల్ల మీద ఉంటుంది. వెనక అట్ట మీద ‘తాగుబోతు తండ్రి’ అని రాసి ఉన్న నవలను ఆ తండ్రి ఉన్న ఇంట్లో ఎక్కడ దాచుకోవాలి? రెండోది, మన సంగతి వీళ్లకు తెలిసిపోయిందన్న సిగ్గు. పుస్తకం ఇచ్చిన మనిషిని కొన్నాళ్లు తప్పించుకు తిరుగుతారు. సూటిగా రాసిన కథలు ఎక్కువ పనికొచ్చేది పక్కన ఉన్నవాళ్లకు, అంటే ఆ పిల్లవాడి స్నేహితులకు, టీచర్లకు, అలాంటి ఇల్లు దాటి వచ్చేసి కొన్నేళ్లయినవాళ్లకు.

కాబట్టి ఏ పుస్తకాన్నయినా నేను మూడు ప్రశ్నలతో తూస్తాను. కథ పాఠకుణ్ని కష్టానికి ఎంత దగ్గరగా నిలబెడుతుంది? చివరికి ఆ పిల్లల పక్కన నమ్మదగిన పెద్ద మనిషి ఒక్కరైనా మిగులుతారా? ఇంగ్లీషు ఎంత బరువు? మూడోది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామందికి పాఠ్యపుస్తకం దాటిన ఇంగ్లీషు అలవాటు ఉండదు. ఇరవై పేజీలకే అలసిపోయే పుస్తకం ఎంత గొప్పదైనా లాభం లేదు.

చెట్టు నడిచి వచ్చే కథ

ముందుగా నేను చేతికి తీసుకునేది ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. 2011లో వచ్చిన ఈ నవల ఊహ షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. రొమ్ము క్యాన్సర్‌తో ఆమె 2007లో చనిపోతే, మిగిలిపోయిన ఆ ఊహను ప్యాట్రిక్ నెస్ నవలగా రాశారు. జిమ్ కే నలుపు తెలుపుల్లో బొమ్మలు వేశారు. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాల రచనకు ఇచ్చే కార్నెగీ పతకం, బొమ్మలకు ఇచ్చే గ్రీనవే పతకం 2012లో రెండూ దీనికే వచ్చాయి. రెండూ ఒకే పుస్తకానికి రావడం అదే మొదటిసారి.

కానర్‌కు పదమూడేళ్లు. తల్లికి క్యాన్సర్. తండ్రి అమెరికాలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అమ్మమ్మ ఉంది గాని, ఆమె ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోకూడదు. ఒక రాత్రి సరిగ్గా 12:07కు ఇంటి వెనక కొండ మీది యూ చెట్టు లేచి నడిచి వచ్చి కిటికీ ముందు నిలబడుతుంది. నేను మూడు కథలు చెబుతాను, నాలుగోది నువ్వు చెప్పాలి, అది నిజమై ఉండాలి అంటుంది. ఆ నిజం ఏమిటో ఇక్కడ చెప్పను. ఇంట్లో ఒకరి బాధ నెలల తరబడి సాగుతున్నప్పుడు పిల్లల మనసులో మెదిలే, మెదిలినందుకు తమను తామే క్షమించుకోలేని ఒక కోరిక గురించి అని మాత్రం అంటాను. తాగుబోతు తండ్రి ఉన్న పిల్లవాడికీ, రోజూ గొడవపడే తల్లిదండ్రుల మధ్య నలిగే అమ్మాయికీ ఆ కోరిక తెలుసు. క్యాన్సర్ గురించిన ఈ కథ క్యాన్సర్ లేని ఇళ్లకు ఎక్కువ పనికొస్తుందని నేననడం అందుకే.

ఇందులో ఒక ఘట్టం ఉంది. కానర్ అమ్మమ్మగారి ముందుగదిని చిందరవందరగా పగలగొట్టేస్తాడు. తిట్లూ దెబ్బలూ పడతాయని ఎదురుచూస్తాడు. ఎవరూ ఏమీ అనరు. బళ్లోనూ అంతే, ఏ తప్పు చేసినా టీచర్లు జాలిగా చూసి వదిలేస్తారు. ఆ జాలే వాడికి నరకం. కష్టంలో ఉన్న పిల్లలతో మనం చేసే తప్పును ఇంత సూటిగా పట్టుకున్న రచన నాకు ఇంకొకటి కనిపించలేదు. పుస్తకం ఇచ్చే పెద్దలు ఈ ఒక్క ఘట్టం కోసమైనా ముందు తాము చదవాలి.

ఇంగ్లీషు తేలిక. పుస్తకం సుమారు రెండు వందల పేజీలు, అందులోనూ బొమ్మలు చాలా చోటు తీసుకున్నాయి. పన్నెండు దాటిన ఎవరికైనా ఇవ్వొచ్చు. ఒక్క మినహాయింపు: తల్లో తండ్రో ఇప్పుడు నిజంగా ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు వద్దు. ఈ కథలో ఏ అద్భుతమూ జరగదు. యూ జాతి చెట్ల నుంచి తీసిన మందు కూడా, నిజ జీవితంలో అలాంటి మందు ఉన్నా, కానర్ తల్లిని కాపాడలేకపోతుంది.

ఇద్దరు తాగుబోతు తండ్రులు

తాగుడు గురించి చెప్పే నవలలు బోలెడు. పక్కపక్కన పెట్టి చూడదగినవి రెండు, పద్మా వెంకట్రామన్ రాసిన ‘ది బ్రిడ్జ్ హోమ్’, షెర్మన్ అలెక్సీ రాసిన ‘ది అబ్సల్యూట్లీ ట్రూ డైరీ ఆఫ్ ఎ పార్ట్ టైమ్ ఇండియన్’. మొదటిది చెన్నై కథ, రెండోది అమెరికాలో స్పొకేన్ ఆదివాసుల రిజర్వేషన్, అంటే ఆ తెగకు కేటాయించిన ప్రాంతం, కథ. రెండింటిలోనూ తండ్రి తాగుతాడు. మిగతాదంతా వేరు.

‘ది బ్రిడ్జ్ హోమ్’ 2019లో వచ్చింది. రచయిత్రి చెన్నైలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సముద్ర శాస్త్రవేత్త. విజికి పదకొండేళ్లు. అక్క రుక్కు పెద్దదే గాని, మానసిక ఎదుగుదల తక్కువ కావడంతో చెల్లెలే ఆమెను చూసుకుంటూ ఉంటుంది. తండ్రి కొట్టడం, మర్నాడు ఏడవడం, తల్లి క్షమించడం, మళ్లీ కొట్టడం. ఆ చెయ్యి పిల్లల మీదికి కూడా వచ్చాక విజి అక్కను వెంటబెట్టుకుని నగరానికి బస్సెక్కేస్తుంది. పాడుబడిన వంతెన మీద అరుల్, ముత్తు అనే ఇద్దరు అబ్బాయిలతో కలిసి కాపురం. చెత్తకుప్పల్లో సీసాలూ ఇనుమూ ఏరి అమ్ముకుంటారు. కథంతా విజి తన అక్కకు రాస్తున్న ఉత్తరంలా నడుస్తుంది. పక్కనే ఉండాల్సిన అక్కకు ఉత్తరం ఎందుకన్న ప్రశ్న మొదటి పేజీ నుంచే పాఠకుణ్ని తొలుస్తుంది.

మన పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. అమ్మ, అప్ప, చాయ్ దుకాణం, గుడి, చర్చి, వాన, దోమలు, వీటిలో దేనికీ వివరణ అక్కర్లేదు. వాక్యాలు చిన్నవి, అధ్యాయాలు ఇంకా చిన్నవి. ఇంగ్లీషు నవల ఒక్కటి కూడా పూర్తి చేయని పిల్లలు దీన్ని పూర్తి చేస్తారు.

‘ఇల్లు విడిచి పారిపొమ్మని నేర్పదా?’ అని పెద్దలు అడుగుతారు. పుస్తకం సగం దాకా చదివినవాళ్లు ఆ ప్రశ్న అడగరు. వీధి బతుకులో ఆకలి, కంపు, జ్వరం, పిల్లల కోసం కాచుకుని ఉండే మనుషులు, ఏదీ దాచలేదు. రచయిత్రి అంతకంటే కష్టమైన విషయం చెబుతోంది. ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో దెబ్బలు తిన్న పిల్ల, బయట మంచి మనిషి ఎదురైనా నమ్మలేకపోతుంది. ఆ నమ్మలేకపోవడానికి పెద్ద మూల్యమే చెల్లించాల్సి వస్తుంది. చివరికి పని పిల్లల కోసం ఆశ్రయం నడిపే సెలీనా ఆంటీ దగ్గర విజి నిలదొక్కుకుంటుంది. తండ్రి వెతుక్కుంటూ వచ్చి రమ్మన్నప్పుడు ఆమె ఇచ్చే జవాబు, క్షమించడానికీ తిరిగి వెళ్లిపోవడానికీ మధ్య ఉన్న తేడాను పదకొండేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటల్లో చూపిస్తుంది. మన కుటుంబ కథలు చాలా వరకు ఈ తేడాను చెరిపేసి ముగుస్తాయి.

అలెక్సీ నవల 2007 నాటిది. ఆ ఏడాది అమెరికాలో పిల్లల సాహిత్యానికి నేషనల్ బుక్ అవార్డు దీనికే వచ్చింది. జూనియర్‌కు పద్నాలుగేళ్లు, కార్టూన్లు గీస్తుంటాడు. ఆ కార్టూన్లు పుస్తకం నిండా ఉంటాయి, వేసింది ఎలెన్ ఫోర్నీ. వాడి తండ్రి కొట్టడు. మాయమైపోతాడు. క్రిస్మస్‌కు ఇంట్లో ఉన్న కాస్త డబ్బూ పట్టుకుని తాగడానికి పోయి, జనవరి రెండున తిరిగొస్తాడు. మంచం మీద పడుకుని, కొడుకును పిలిచి, బూటులో చూడమంటాడు. అందులో అయిదు డాలర్ల నోటు ఒకటి ఉంటుంది. అన్నాళ్ల తాగుడు మైకంలోనూ కొడుకు కోసం దాన్ని ఖర్చు పెట్టకుండా దాచాడు. ఆ నోటు చూసి ఏడవాలో నవ్వాలో తండ్రిని కొట్టాలో జూనియర్‌కు తెలియదు, మనకూ తెలియదు.

తేడా అంతా ఇక్కడే ఉంది. విజి తండ్రిని వదిలేయడం సరైనదని పాఠకుడికి సందేహం లేకుండా తెలుస్తుంది. జూనియర్ తండ్రి ప్రేమించే మనిషి. మన ఊళ్లలో తాగే తండ్రుల్లో ఈ రెండో రకం తక్కువేమీ కాదు. సాయంత్రం పకోడీల పొట్లం తెస్తాడు, జీతం రోజు రాత్రి మాత్రం ఇంటికి రాడు. అలాంటి తండ్రిని ద్వేషించమంటే పిల్లలకు చేతకాదు, నమ్మమంటే ధైర్యం చాలదు. ఆ అయోమయానికి మాటలు కావాలంటే అలెక్సీ నవలే.

మనవాళ్లకు దగ్గరగా తగిలే సంగతి ఇంకొకటి ఉంది. జూనియర్ తన రిజర్వేషన్ బడి వదిలి ఇరవై రెండు మైళ్ల దూరంలో తెల్లవాళ్ల పిల్లలు చదివే బడికి మారతాడు. పెట్రోలుకు డబ్బులు లేని రోజున నడిచో, ఎవరినో లిఫ్టు అడిగో వెళ్తాడు. ప్రాణస్నేహితుడు రౌడీతో సహా సొంతవాళ్లంతా ద్రోహి అంటారు. గురుకులంలో సీటు వచ్చి ఊరు దాటిన పిల్లలకూ, చెల్లెల్ని ఆ ఇంట్లోనే వదిలి హాస్టల్‌కు వచ్చేసిన ఇంటర్ విద్యార్థులకూ ఈ అపరాధభావం వివరించనక్కర్లేదు.

అయితే వయసు చూసి ఇవ్వాలి. అమెరికా గ్రంథాలయ సంఘం లెక్క ప్రకారం 2010 నుంచి 2019 దాకా ఆ దేశంలో అభ్యంతరాలూ నిషేధాలూ అందరికంటే ఎక్కువ ఎదుర్కొన్న పుస్తకం ఇదే. లైంగిక విషయాలు మొహమాటం లేకుండా ఉంటాయి, బూతులు ఉంటాయి, తాగుడు వల్ల వరసగా చావులు ఉంటాయి. మొదట్లోనే, వైద్యం చేయించే స్తోమత లేక తండ్రి జూనియర్ కుక్కను కాల్చి చంపుతాడు. తుపాకీ గుండు ఖరీదు రెండు సెంట్లే మరి. పదిహేను దాటాక ఇవ్వండి. నవ్వు ఎక్కువున్న పుస్తకమే గాని, నవ్వు చూసి చిన్నపిల్లల చేతికి ఇచ్చేది కాదు.

అమ్మ మనసు బాగాలేని ఇళ్లు

ఇక్కడ పోలిక తొందరగా తేలిపోతుంది. జాక్వెలిన్ విల్సన్ రాసిన ‘ది ఇలస్ట్రేటెడ్ మమ్’, జెర్రీ పింటో రాసిన ‘ఎమ్ అండ్ ది బిగ్ హూమ్’ మధ్య ఎంచుకోవడం ప్రధానంగా వయసును బట్టే.

విల్సన్ నవల 1999లో వచ్చింది. ఒళ్లంతా పచ్చబొట్లు పొడిపించుకున్న తల్లి మ్యారీగోల్డ్, ఇద్దరు కూతుళ్లు స్టార్, డాల్ఫిన్. కొన్ని రోజులు అమ్మంత సరదా మనిషి లోకంలో ఉండదు. అర్ధరాత్రి కేకులు చేస్తుంది. ఇంకొన్ని రోజులు మంచం దిగదు. కథ చెప్పేది చిన్నది డాల్ఫిన్. అమ్మ అలా ఉండటం ఆమెకు ఇంకా అందంగానే కనిపిస్తుంది. పెద్దది స్టార్‌కు విసుగు పుట్టేసింది. ఒకే ఇంట్లో ఒకే తల్లిని అక్కా చెల్లీ రెండు రకాలుగా చూడటమే ఈ నవలకు బలం. అక్కాచెల్లెళ్లకు కలిపి ఇవ్వాలంటే ఇంతకంటే మంచిది లేదు. పదకొండు, పన్నెండేళ్లవాళ్లు చదవగలరు. చివరికి వైద్యం ఉంది, ఆసుపత్రి ఉంది, పిల్లలకు నీడ ఉంది. అన్నీ సర్దుకున్నాయన్న అబద్ధం మాత్రం లేదు.

పింటో నవల 2012 నాటిది, 2016లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకుంది. ముంబయి మాహిమ్‌లో ఇరుకైన ఇల్లు, బైపోలార్ జబ్బుతో ఊగిసలాడే తల్లి ఇమెల్డా, నోరెత్తకుండా ఇల్లు మోసే తండ్రి, కొడుకు, కూతురు. ఇది నిజానికి పెద్దల నవల. తల్లి పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నిస్తుంది, ఆమె మాటలకు అడ్డూ అదుపూ ఉండదు. పదిహేడు దాటినవాళ్లకు మాత్రమే, అదీ ఎవరితోనైనా మాట్లాడుకుంటూ చదవగలిగితేనే. అయినా ఈ జాబితాలోంచి తీసేయలేకపోయాను. అమ్మ జబ్బు నాకూ వస్తుందేమోనన్న భయాన్ని, బయటికి ఎవరూ చెప్పని ఆ భయాన్ని, ఈ కొడుకు చెప్పినంత నిజాయితీగా చెప్పినవాళ్లు అరుదు. మన దేశంలో మానసిక ఆసుపత్రి వార్డులో కూర్చుని ఉండటం ఎలా ఉంటుందో కూడా ఇందులో తెలుస్తుంది, ఇంగ్లండు నవలలో అది దొరకదు.

ఏ గొడవా కనిపించని ఇల్లు

తెలుగు ఇళ్లలో అసలు ఎక్కువ కనిపించే రకం ఇదేనని నా అనుమానం. ఎవరూ తాగరు, ఎవరూ కొట్టుకోరు, ఫీజులు సమయానికి కడతారు. కానీ అమ్మాయి ఫోను తల్లి చేతిలో ఉంటుంది, నోటు పుస్తకాలు వెతుకుతారు, ఎవరితో నవ్వావని అడుగుతారు. ‘నీ మంచికే’ అన్న మాటకు ఎదురు చెప్పే దారి ఉండదు. ఈ ఇంటి పిల్లలు తమకు కష్టం ఉందని కూడా అనుకోరు, తామే చెడ్డవాళ్లమనుకుంటారు.

దానికి ఎలిజబెత్ అసెవెడో రాసిన ‘ది పొయెట్ ఎక్స్’. న్యూయార్క్ హార్లెమ్‌లో ఉండే డొమినికన్ కుటుంబం, పదిహేనేళ్ల సియోమారా, కాథలిక్ భక్తిలో మునిగిన తల్లి. రైల్లో ఒక అబ్బాయిని ముద్దు పెట్టుకుంటూ తల్లి కంట పడితే, దేవుడి ముందు బియ్యపు గింజల మీద మోకాళ్లపై కూర్చోబెడుతుంది. తర్వాత ఆమె కవిత్వం రాసుకున్న నోటు పుస్తకాన్ని తగలబెడుతుంది. దేశం, మతం, భాష అన్నీ వేరైనా ఆ రెండు శిక్షలూ మనకు కొత్తగా అనిపించవు. అమెరికాలో పెరిగే తెలుగు అమ్మాయిలకయితే బయటి లోకం ఒకటి, ఇంటి గడప లోపల ఇంకొకటి అన్న ఆ చీలిక మరీ తెలుసు.

నవలంతా వచన కవితల్లో ఉంటుంది. పేజీకి కొన్ని పంక్తులే కనుక మందం చూసి భయపడనక్కర్లేదు. ఒక ఆదివారంలో అయిపోతుంది. 2018లో నేషనల్ బుక్ అవార్డు, 2019లో కార్నెగీ పతకం దీనికి వచ్చాయి. నల్లజాతి, ఆసియా, లాటిన్ మూలాలున్నవారిలో కార్నెగీ అందుకున్న మొదటి రచయిత్రి ఈమే. నాకు నచ్చింది ముగింపు దగ్గరి జాగ్రత్త. తల్లి రాక్షసిగా మిగిలిపోదు, ఒక్క రాత్రిలో మారిపోనూ మారిపోదు. ఇంగ్లీషు టీచరు గలియానో, చర్చి ఫాదరు, ఇద్దరూ అతిశయోక్తి లేకుండా తమ పరిధిలో సాయం చేస్తారు. లైంగికత గురించిన ఆలోచనలు, వీధిలో మగవాళ్ల వెకిలితనం, మతం మీద సందేహాలు ఉన్నాయి. పద్నాలుగు దాటిన అమ్మాయికి ఇవే రోజూ ఎదురయ్యేవి కనుక దాచిపెట్టి లాభం లేదు. తల్లి కూడా చదివితే ఇంకా మంచిది. కానీ ఇద్దరికీ ఒకే ప్రతి కొనకండి, అమ్మాయి గీతలు గీసుకున్న ప్రతి అమ్మాయిదే.

కొన్ని త్వరగా

సింథియా వోయిట్ రాసిన ‘హోమ్‌కమింగ్’ 1981 నాటిది. షాపింగ్ మాల్ పార్కింగ్‌లో కారులో నలుగురు పిల్లల్ని వదిలి తల్లి వెళ్లిపోతుంది. పదమూడేళ్ల డైసీ తమ్ముళ్లనూ చెల్లినీ నడిపించుకుంటూ బంధువుల ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. ఉన్న డాలర్లు ఎన్ని, ఇవాళ రొట్టె కొనాలా పాలు కొనాలా అన్న లెక్కే సగం నవల. పొడవు ఎక్కువ, నడక నిదానం. ఇంట్లో తమ్ముళ్లకు అన్నం పెట్టి బడికి పంపే పెద్దక్కలకు మాత్రం ఆ లెక్కలు బోరు కొట్టవు.

‘హే, కిడ్డో’ నవల కాదు, జారెట్ క్రోసోస్కా తన బాల్యం గురించి గీసిన బొమ్మల పుస్తకం. తల్లి హెరాయిన్‌కు బానిస, పెంచింది తాతా అమ్మమ్మా. చదవడమే ఇష్టం లేని అబ్బాయిలకు, తాతయ్య దగ్గర పెరుగుతున్నవాళ్లకు ఇది.

‘ఎలినార్ అండ్ పార్క్’ పేరు ప్రతి జాబితాలోనూ కనిపిస్తుంది. 1986 నాటి ఒమాహా, సవతి తండ్రికి భయపడి బతికే ఎలినార్, వాళ్లింట్లో బాత్రూముకు తలుపు కూడా ఉండదు. ఆ ఒక్క వివరం భయంకరంగా బాగుంది. కానీ మిగతాదంతా ప్రేమకథ. ఆమె ప్రేమించే పార్క్‌నూ, కొరియన్ అయిన అతని తల్లినీ చూపిన తీరు మీద వచ్చిన విమర్శల్లో న్యాయం ఉంది. కష్టం కోసం కాక ప్రేమ కోసం చదివేవాళ్లకు వదిలేస్తాను.

తెలుగులో ఏమీ లేదా?

ఈ వయసు పాఠకులకంటూ తెలుగులో అర చాలా పలచన. చందమామ దాటిన పిల్లలు ఒక్క దూకుతో పెద్దల వారపత్రికల సీరియళ్లలోకి వెళ్లిపోయేవాళ్లు. మధ్యలో మెట్టు ఎవరూ కట్టలేదు. అయినా ఇంగ్లీషు రాని పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ లాంటి బాల్యపు కథలు. లేమిని, అమ్మానాన్నల సతమతాన్ని పిల్లవాడి కళ్లతో, నవ్విస్తూ చెబుతాయి. నేను పైన చెప్పిన ‘దూరం’ వీటిలో బాగా ఉంది. యాస కొత్తగా అనిపిస్తే మొదటి రెండు కథలు ఎవరైనా పైకి చదివి వినిపించాలి, తర్వాత వాళ్లే లాక్కుంటారు. రెండో దారి, పదిహేడు దాటినవాళ్లకు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. బాధ్యత లేని తండ్రిని తానే పోషిస్తూ, అందుకు ఎవరి జాలీ కోరని ఇందిర ఇవాళ్టి అమ్మాయిలకు కూడా అపరిచితంగా తోచదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని ఈ పనికి కొందరు సూచిస్తారు, తల్లి మీద పడ్డ అపవాదు నీడలో బతికే దయానిధి కథ కనుక. నేను సూచించను. గొప్ప నవలే, కానీ దాని దిగులు పద్దెనిమిదేళ్లవాడికి ఊబి.

పుస్తకం ఇచ్చి ఊరుకోకూడని చోటు

పిల్లలు దెబ్బలు తింటున్నారని, లైంగికంగా వేధింపులకు గురవుతున్నారని తెలిస్తే నవల సంగతి తర్వాత. 1098 పిల్లల సహాయ నంబరు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు. మనసు కుంగి ఉంటే టెలీ మానస్ 14416. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఆ సంగతి అధికారులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది, బంధువులకైనా టీచర్లకైనా అది వర్తిస్తుంది. ఈ రెండు నంబర్లనూ పుస్తకంలో పేజీ గుర్తు చీటీ మీద రాసి పెట్టొచ్చు. అది ఎవరి కంటపడినా ఎవరి మీదా వేలు చూపినట్టు ఉండదు.

ఇక ఎంపిక. డబ్బు ఒక్క పుస్తకానికే ఉంటే, ఆ పిల్లల ఇంటి సంగతి మీకు పూర్తిగా తెలియకపోతే, ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ కొనండి. ఇచ్చేటప్పుడు ‘చెట్టు నడిచి వచ్చే కథ’ అని చెప్పండి, ఇంకేమీ అనకండి. బడి లైబ్రరీకయితే ‘ది బ్రిడ్జ్ హోమ్’ నాలుగైదు ప్రతులు తెప్పించి ఎనిమిదో తరగతి మొత్తానికి తిప్పండి. అందరూ చదివే పుస్తకమైతే అవసరమున్న ఒక్కరి మీద ఎవరి చూపూ పడదు. హాస్టల్‌లో ఉన్న పదహారేళ్ల అబ్బాయికి అలెక్సీ, ఫోను తల్లి దగ్గర ఉన్న అమ్మాయికి అసెవెడో. ఒకవేళ ముప్పై పేజీలు చదివి పక్కన పడేస్తే ఎందుకని అడగకండి, తిరిగి ఇమ్మని కూడా అనకండి.